బుకిట్ బటోక్‌లో మంద తోలిన ఆదివారం

పశువుల్లేని చోట పశువుల్ని తోలడంలో ఉన్నంత హాయి మరెక్కడా లేదు! పేడ ఉండదు, కొమ్ముపోటు ఉండదు, మేత వెతకనక్కర్లేదు. వారసత్వ సేవకు ఇంతకన్నా ఏం కావాలి?

ఈ సత్యాన్ని కనిపెట్టినవారు, బ్యాంకులో పెద్ద హోదా వెలగబెడుతున్న విశ్వేశ్వరరావు. ఆస్ట్రేలియా టూర్‌లో, ఎర్రమట్టి బీళ్ళలో నెలల తరబడి మందల్ని నడిపించిన పాతకాలపు కాపరుల గురించి గైడ్ చెబుతుంటే, ఏసీ బస్సులోనే కళ్ళు తుడుచుకున్నారట. తిరిగొచ్చిన వారానికే తమ ప్రవాస తెలుగు సంఘం తరఫున వాళ్ళకు నివాళిగా ‘వాలంటీర్ క్యాటిల్ డ్రైవ్’, అంటే మంద తోలే యాత్ర, ప్రకటించారు. బుకిట్ బటోక్ ఎమ్మార్టీ రైలు స్టేషన్ దగ్గర మొదలు, పార్కులో ముగింపు.

నలభై మంది పేర్లిచ్చారు. నలభై మందీ కాపరులే! వెడల్పు అంచుల టోపీలు, తోలు బూట్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. మరి పశువులెవరు?

అక్కడ అవసరపడ్డాడు నూకరాజు. షిప్‌యార్డులో వెల్డర్. టెక్కలి దగ్గర పల్లెలో పదహారేళ్ళు వచ్చేదాకా ఊరందరి గేదెల్నీ కాసినవాడు. పశువుల సంగతి తెలిసినవాళ్ళు కావాలని సంఘం కార్యదర్శి కాత్యాయని ఫోన్ చేయగానే పొంగిపోయాడు. ఇన్నేళ్ళకు తన విద్యకు పిలుపు! ఉన్న ఒక్క సెలవూ వదులుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, కార్మికుల డార్మిటరీ నుంచి పదకొండు మందిని వెంటబెట్టుకుని వచ్చాడు.

కాత్యాయని అతని చేతిలో ఆవుతల మాస్కు పెట్టింది.

"ఇదేటి మేడమ్? నాను పశువుల్ని కాసినోణ్ణి గదా!"

"అందుకేనండీ! ఆవు ఫీలింగ్ మీకు తెలిసినట్టు మాకు తెలీదు కదా."

ఇంత గౌరవం దక్కాక కాదనేదెలా? తొడుక్కున్నాడు. వెంట వచ్చిన పదకొండు మందీ తలా ఒకటి తొడుక్కున్నారు. లోపల చెమట కళ్ళలోకి కారుతోంది. బయట వీడియో నడుస్తోంది. కొంతదూరం పోయాక, వెనకనుంచి ఒక ఐటీ కాపరి ప్లాస్టిక్ కర్రతో అతని వీపు మీద కొట్టి, "మూవ్ లా!" అని అక్కడి యాసలో అదిలించాడు.

నూకరాజు ఆగాడు. అతనితో పాటు మందంతా ఆగింది. మాస్కు తీసి మొహం తుడుచుకున్నాడు.

"బాబూ, నాను ఒక్క గేదెనీ కొట్టి నడపనేదు. పేరెట్టి పిలిస్తే వచ్చీవి. నా పేరొగ్గీండి. ఈళ్ళల్లో ఒక్కడి పేరు సెప్పండి, పొద్దుగూకేదాకా నడుస్తాం."

విశ్వేశ్వరరావు గబగబా ఫోన్‌లో జాబితా తెరిచారు. నలభై పేర్లూ డిగ్రీలతో సహా ఉన్నాయి. అడుగున ఒకే ఒక్క లైను: ‘క్యాటిల్ - 12’.

"ఒరే అప్పన్నా! దాలినాయుడూ! సింహాచలం!" నూకరాజు ఒక్కొక్కరినే పిలిచాడు. పిలిచినకొద్దీ మాస్కులు ఊడి, మొహాలు బయటికొచ్చాయి. రోడ్డు దాటితే టీ దుకాణం. అందరూ అటు నడిచారు.

వాళ్ళను ఎవరూ తోలలేదు.