జైసల్మేరుకు రెండు టికెట్లు

ఆ ఉదయం కాశిం టీ గ్లాసు పట్టుకుని మేడ మీదికెక్కాడు. జైసల్మేరు అవతల ఇసుక దిబ్బల్లో గుడారాలు అద్దెకిచ్చే మనిషితో, భార్య ఫౌజియా చెవిన పడకుండా మాట ఖాయం చేసుకోవాలి. ఓసారి ఊటీ అని, ఇంకోసారి కాశ్మీరు అని ఊరించి, ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు వదల్లేక రెండుసార్లూ మాట తప్పినవాడతను. ఈసారి చెబితే ఆమె నమ్మదు. అందుకే రైలెక్కే రోజు దాకా నోరు విప్పకూడదనుకున్నాడు.

"టెంటు ఒక్కటే చాలు భాయ్, మేమిద్దరమే. ఈ నంబరుకే ఫోన్ చెయ్యండి. మా ఆవిడకి ఒక్క ముక్క తెలియకూడదు" అన్నాడు.

వాటర్ ట్యాంకు చాటున బట్టలారేస్తున్న అక్క కుల్సుం చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. భర్త పోయినప్పటి నుంచి తమ్ముడింట్లోనే ఉంటున్న మనిషి. తమ్ముణ్ణి నేరుగా అడిగితే సరిపోయేది. అలా అడక్కుండా, తమ్ముడి కొట్లో పనిచేసే బాలశౌరికి ఫోన్ చేసింది.

"మీ భాయ్ ఈ మధ్య ఎవరితోనన్నా చాటుగా మాట్లాడుతున్నాడా బాలశౌరీ?"

"మాట్లాడుతున్నారమ్మా. ఎడారంటారు, ఒంటెలంటారు. నేను దగ్గరికెళ్తే పెట్టేస్తారు."

ఎడారి అనేసరికి ఇద్దరికీ దుబాయే తోచింది. కుల్సుంకు అక్కడొక ఆడమనిషి కూడా కనపడింది. బాలశౌరికి మాత్రం తాళం వేసిన కొట్టు కనపడింది.

కాశిం కొట్లో అడుగుపెట్టగానే బాలశౌరి ఎదురొచ్చాడు. "భాయ్, కొట్టు మూసేస్తున్నారంటగా?"

కాశిం చుట్టూ చూశాడు. ప్రయాణానికని వారం పాటు కొట్టు మూయాలనుకున్న సంగతి ఇతనికెలా తెలిసింది? గొంతు తగ్గించి, "మూస్తున్నాలే. మా ఇంట్లో మాత్రం నోరు జారావంటే ఊరుకోను" అన్నాడు.

బాలశౌరి తలూపాడు. మధ్యాహ్నం భోజనానికెళ్లినవాడు మళ్లీ రాలేదు.

సాయంత్రం కాశిం బెంజ్ సర్కిల్ దగ్గర ఓ పెద్ద ఎర్ర సూట్‌కేసు కొన్నాడు. దాన్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కుల్సుం కాచుకుని ఉంది.

"పెట్టె కూడా తెచ్చుకున్నావా?"

"మెల్లగా ఆపా, ఫౌజియా వింటుంది."

"వినాల్సిందంతా నా నోటే విన్నదిలే."

లోపల ఫౌజియా బట్టలు మడతపెట్టి బ్యాగులో కుక్కుతోంది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఎవరండీ ఆవిడ?"

"ఏ ఆవిడ?"

"మీతో ఒకే టెంటులో ఉండబోయే ఆవిడ."

కాశిం సూట్‌కేసు కింద పెట్టాడు. చెబితే ఇన్నాళ్లు దాచిందంతా నీళ్లపాలు. చెప్పకపోతే సంసారమే నీళ్లపాలు. ఫౌజియా బ్యాగు జిప్పు లాగింది. "బందరు బస్సెక్కి మా అమ్మ దగ్గరికి పోతున్నా."

ఆ జిప్పు చప్పుడుకు కాశిం ఉలిక్కిపడ్డాడు. ఫోన్లో టికెట్లు తీసి ఆమె చేతికిచ్చాడు. "పేర్లు చదువు."

ఆమె చదివింది. మళ్లీ చదివింది. "ఈ ఫౌజియా నేనేనా?" అంది చివరికి.

"నాకు తెలిసిన ఫౌజియా నువ్వొక్కదానివే."

కుల్సుం చప్పుడు చేయకుండా వంటింట్లోకి జారుకుంది. ఫౌజియా ముఖంలో నవ్వు మొదలవుతుండగా కాశిం ఫోన్ మోగింది. బాలశౌరి.

"ఏమనుకోకండి భాయ్. కొట్టు మూసేస్తున్నానన్నారు కదా, పక్క వీధిలో టైర్ల కొట్లో చేరిపోయాను. మాటిచ్చేశా."

కాశిం మంచం మీద కూలబడ్డాడు. మూసి వెళ్దామంటే, కొట్టు ఎత్తేశారన్న పుకారు ఈపాటికి ఆటోనగరంతా పాకి ఉంటుంది. ఇప్పుడు తలుపు మూసి కనపడితే ఉన్న ఖాతాదారులంతా వేరే కొట్లకు పోతారు. ఫౌజియా అతని ముఖం చూసింది. ఊటీకి ముందూ, కాశ్మీరుకు ముందూ చూసిన ముఖమే. ఈసారి ఆమె బ్యాగు మాత్రం విప్పలేదు.

"మీ టికెట్టు ఆపా పేరు మీదికి మార్చొచ్చాండీ?" అనడిగింది.

"ఈ వయసులో నాకెందుకమ్మా ఎడారులు!" అంటూనే కుల్సుం వంటింట్లోంచి వచ్చి, ఎర్ర సూట్‌కేసు తెరిచి ఎన్ని చీరలు పడతాయో చూసుకుంది.

వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకు ఫోటో వచ్చింది. ఒకే ఒంటె మీద ముందొకరు, వెనకొకరు. ఫౌజియా అంతలా పగలబడి నవ్వడం కాశిం ఎన్నడూ చూడలేదు. బేరానికీ బేరానికీ మధ్య ఆ ఫోటో తీసి చూస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం కొట్టు కట్టేశాక కృష్ణ ఒడ్డుకెళ్లి, కాసేపు ఇసుకలో కూర్చుని వచ్చాడు.