ఇంజన్ ఆయిల్‌పై ఏకాభిప్రాయం

కారులో ఆయిల్ మార్చాలంటే చేయవలసిన పనులు ఇవి. ఇంజన్ కాసేపు వేడెక్కనివ్వాలి. కింద తొట్టి పెట్టాలి. నట్టు విప్పాలి. పాత ఆయిల్ పూర్తిగా కారనివ్వాలి. ఫిల్టర్ మార్చాలి. నట్టు బిగించాలి. కొత్త ఆయిల్ పోయాలి. గేజ్ తీసి మట్టం చూడాలి. చేతులు తుడుచుకోవాలి.

అరగంట పని. అందుకే ఇది అనాగరికమైన పద్ధతని నా నిశ్చితాభిప్రాయం!

ఒక్క మెకానిక్, చేతిలో ఒక్క పానా, ఎవరినీ సంప్రదించకుండా కారు భవిష్యత్తును తేల్చేయడమా? మరి ప్రజాస్వామ్యం ఏమైపోవాలి? హైదరాబాద్ కొత్తపేటలో మా కాలనీ వాళ్ళం ఈ పనిని ఇరవై మూడు రోజులు చేశాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే కాబట్టి కాలనీ సంఘం కార్యదర్శి పదవి నాకిచ్చారు. ఉచిత సలహా ఎంతటి వరమో ఆ హోదాలో, బాధ్యతగా చెబుతున్నాను.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపో దాటడం లేదు. ఆటోలు ఒకరోజు తిరిగితే రెండు రోజులు ఉండవు. మా వీధిలో సాంబమూర్తి గారి భార్య వేదవతి గారికి మంగళ, శుక్రవారాల్లో మలక్‌పేటలో డయాలసిస్. కాకినాడ నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే ఉంటున్న దంపతులు. ఆవిడ ఆసుపత్రికి చేరాలంటే వాళ్ళ పాత కారొక్కటే దిక్కు.

ఓ శనివారం ఉదయం, చైతన్యపురిలో షెడ్డున్న మెకానిక్ జంగయ్య ఆ కారు గేజ్ తీసి, ఆయిల్ వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"సార్, గిది ఆయిల్ గాదు, తారు. మట్టం గూడ కిందికి పోయింది. ఇప్పుడే మార్చేస్త."

"ఏ ఆయిల్ పోస్తావయ్యా?" అన్నారు సాంబమూర్తి గారు.

అంతే! ఆ ఒక్క ప్రశ్నకు వీధి వీధంతా గేటు ముందు వాలింది.

"ట్వంటీ ఫిఫ్టీ పొయ్యుండ్రి సార్, చిక్కగుంటది" అన్నాడు ఎదురింటి మల్లేశం. ప్లాట్ల వ్యాపారం ఆయనది. ప్లాట్లు అమ్ముతాడు కానీ సలహాలు ఊరికే ఇస్తాడు.

"చిక్కదనం గేదెపాలకండీ, ఇంజనుకి కాదు. కాకినాడలో మేమెప్పుడూ పల్చటిదే పోయించాం."

"అంటే మీ ఇంజను వేరే, మా ఇంజను వేరేనా?"

"మేమనేదీ అదే కదండీ! ఒకటే అయినప్పుడు వేరే ఎందుకూ?"

ఇద్దరూ ఆయిల్ గురించే మాట్లాడుతున్నారని నేను నమ్మాను.

కోచింగ్ సెంటర్ లెక్కల మాస్టారు సింథటిక్ అన్నారు. పాల ప్యాకెట్లు వేసే ఆయన తన మోపెడ్‌కు ఓసారి పల్లీనూనె పోశానని, అది ఇంకా బతికే ఉందని ధైర్యం చెప్పాడు. ఇంకొకాయన కారు అమ్మేయమన్నాడు. ఇంతమంది నిపుణులు ఫీజు లేకుండా ఏ యూనివర్సిటీలో దొరుకుతారు చెప్పండి!

వెంటనే కమిటీ వేశాం. కమిటీ ఆరు మార్గాలు సూచించింది. మొదటిది యథాతథ స్థితి. విషయం తేలేదాకా చుక్క ఆయిల్ కూడా కలపరాదని తీర్మానించాం. కలిపితే పక్షపాతం కాదూ?

"జంగయ్య పోస్తానన్నదేదో పోయనివ్వండి బాబూ. మంగళవారం నేను వెళ్ళాలి" అన్నారు వేదవతి గారు వరండాలోంచి. ఆవిడ కమిటీ సభ్యురాలు కారు కాబట్టి ఆ సూచనను చర్చకు తీసుకోలేకపోయాం.

కారు మాత్రం పాత ఆయిల్‌తోనే, యథాతథంగా, ఆసుపత్రికి తిరుగుతూ వచ్చింది. రెండు వారాలు గడిచాక, అసలు పాత ఆయిల్ చెడిపోయిందా లేదా అన్న మౌలిక ప్రశ్న లేచింది. జంగయ్యను పిలిపించాం. పేపరు మీద చుక్క వేసి చూద్దామన్నాడు. ఆయిల్లో సత్తువ ఉంటే చుక్క చుట్టూ పల్చగా పాకుతుందట. లేకపోతే మసి నడిమధ్య ముద్దగా ఉండిపోతుందట.

సాంబమూర్తి గారు తను రోజూ చదివే దినపత్రిక చింపబోయారు.

"మీ ఆంధ్రా పేపర్ మీద టెస్టు జేస్తే మేమెట్ల ఒప్పుకుంటం సార్?" అన్నాడు మల్లేశం.

మల్లేశం తెచ్చిన పేపరును సాంబమూర్తి గారు కళ్ళజోడు తీసి మరీ తిరస్కరించారు.

అప్పుడు నేను లేచాను. మా ఇంట్లోంచి నున్నటి క్యాలెండర్ కాగితం తెచ్చి వెనక్కి తిప్పి పరిచాను. ఏ ప్రాంతానికీ చెందని తెల్లటి కాగితం!

"సార్, గిది నూనె పీల్వది" అన్నాడు జంగయ్య.

"తటస్థంగా ఉంటుంది కదా జంగయ్యా."

"తటస్థమంటే ఏంది సార్? పీలుస్తదా, పీల్వదా?"

చుక్క పాకలేదు. కదలకుండా, గుండ్రంగా, నల్లగా మెరుస్తూ కూర్చుంది.

"జారిపోలేదు చూశారూ, గట్టి ఆయిల్" అన్నారు సాంబమూర్తి గారు. "అవ్ సార్, మస్తు గట్టిగుంది" అన్నాడు మల్లేశం. వాళ్ళిద్దరికీ మాట కలవడం నేను చూసింది అదే మొదలు. పాత ఆయిల్ బాగానే ఉందని రాసుకుని చప్పట్లు కొట్టాం. జంగయ్య పానాలు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇరవై ఒకటో రోజు, శుక్రవారం. చైతన్యపురి దగ్గర రోడ్డు మీద సమ్మెకారుల వంటా వార్పు జరుగుతోంది. సాంబమూర్తి గారి కారు అక్కడిదాకా వచ్చి, టకటకా కొట్టుకుని ఆగిపోయింది. వెనక సీట్లో వేదవతి గారు. ముందు, స్టీరింగ్ పట్టుకున్న సాంబమూర్తి గారి పక్కన నేను.

అన్నం కలియబెడుతున్న జంగయ్య గరిటె వదిలి వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాడు.

"పట్టేసింది సార్. ఇంజన్ ఖతం." వెనక్కి తిరిగి కేకేశాడు. "అరే, ట్రాలీలకెల్లి గంజులు దింపుండ్రి! అమ్మను దవాఖానకు తీస్కపోవాలె!"

వంట గంజులు దిగాయి. ట్రాలీ ఆటోలో కుర్చీ వేశారు. వంటా వార్పుకు వచ్చిన మల్లేశం ఒకవైపు, సాంబమూర్తి గారు ఒకవైపు పట్టుకుని ఆవిణ్ని ఎక్కించారు. ఏ ఆయిల్ అన్న ప్రశ్న ఎవరికీ గుర్తు రాలేదు.

ఆసుపత్రికి చేరేసరికి ఆవిడ వంతు ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఉబ్బిన కాళ్ళతో, ఆయాసంతో సాయంత్రం దాకా బెంచీ మీద ఉన్నారు. మిషన్ మీద నాలుగు గంటలు ఉంచవలసింది, రెండు గంటలే ఉంచారు.

ఇరవై మూడో రోజు, ఆదివారం, కమిటీ సమావేశమై ఏ ఆయిల్ పోయాలో ఏకగ్రీవంగా తేల్చింది. డబ్బా కూడా కొన్నాం. సాంబమూర్తి గారి మెట్ల కింద సీలు విప్పకుండా ఉంది. కారు నాలుగు ఇటుకల మీద ఉంది. ఇంజన్ జంగయ్య షెడ్డులో విప్పి ఉంది. సంప్రదింపులు సఫలమయ్యాయి!

పాఠకులారా, ఆ రోజు ఏదో ఒక పేపరు చింపి ఇచ్చి ఉంటే పది నిమిషాల్లో తేలేది. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఇద్దరిలో ఎవరికీ కోపం రాకూడదనుకున్నాను. పెద్ద చదువు చదివినవాణ్ని కదా, అందరికీ మంచివాడిగా ఉండాలనుకున్నాను.

రేపో మాపో మీ వీధిలోనూ ఒక బానెట్ లేస్తుంది. అందరూ వంగి చూస్తారు. మీరూ వంగండి, చూడండి, తోచింది చెప్పండి. కాకపోతే చిన్న మనవి. నోరు తెరిచేముందు, ఆ బెంచీ మీద గోడకు తల ఆనించి ఊపిరి ఎగబీల్చుకుంటూ కూర్చున్న వేదవతి గారిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.