సద్ది విప్పని సమ్మె

రాయమల్లుకు ప్రపంచంలో జరిగేవన్నీ తెలుసు. పొద్దున ఇంట్లో రేడియో వార్తలు, డ్యూటీకి పోతూ సదయ్య ఛాయ్ హోటల్లో పేపరు, రాత్రి పక్కింటి టీవీలో మళ్ళీ వార్తలు. రష్యా ఎందుకు ముక్కలైందో, ఢిల్లీలో తెచ్చిన కొత్త ఆర్థిక విధానం ఎవరి కొంప ముంచబోతోందో ఆయన గోదావరిఖని బొగ్గు పొరల కింద కూర్చుని కూడా చెప్పగలడు. తెలియనివల్లా ఇంటి సంగతులే. పోయినేడు ఒకరోజు పేపరు చదివొచ్చి, "ఇన్నవానే, మన బడి ఆడిపోరలు ఖోఖోల జిల్లా కప్పు కొట్టిన్రట!" అని భార్య సారక్కకు సంబరంగా చెప్పాడు. మూలన కూర్చుని మోకాలి దెబ్బకు పసుపు పెట్టుకుంటున్న కూతురు స్వరూప తలెత్తి, "గా పోరలల్ల నేను గూడున్న బాపు" అంది.

ఆ రోజు రాయమల్లుకు అన్నం సయించలేదు. అందుకే ఈ ఏడు ఫైనల్ చూసి తీరాలని గట్టిగా అనుకున్నాడు.

"ఇయ్యాల పదింటికి బాపు, గ్రౌండ్ల. వస్తవా?" అని పొద్దున్నే అడిగింది స్వరూప, రిబ్బను ముడేసుకుంటూ.

"రాకుంటెట్ల బిడ్డా?"

"పోయినసారి గూడ గట్లనే అన్నవు."

"పోయినసారి యుద్ధం నడుస్తుండె గద."

"యుద్ధం గల్ఫుల నడిచె. నువ్వు పక్కింట్ల టీవీ ముంగట కూసున్నవు" అంది సారక్క, టిఫిన్ గిన్నెలో అన్నం సర్దుతూ.

"మల్ల సద్దెందుకు కడుతున్నవ్? నేను డ్యూటీ చెయ్య, మ్యాచ్ చూస్త."

"ఏమో. నీ మాట మీద నేను పొయ్యి ఆర్పుకోలేను" అని ఆమె గిన్నె చేతిలో పెట్టింది.

చెప్పాపెట్టకుండా ఇంట్లో ఉండిపోదామంటే నాగాలు అప్పటికే ఎక్కువయ్యాయి. ఇంకొక్కటి పడితే ఛార్జిషీటు ఇస్తామన్నారు. అందుకని రాయమల్లు బొగ్గు బాయి దగ్గరికి పోయి, షిఫ్టు పని చూసే ఓవర్‌మెన్ ముందు కడుపు పట్టుకుని వంగిపోయాడు. ఓవర్‌మెన్ ఆయన్ని కిందికీ మీదికీ చూసి, "దవాఖానకు పో. చిట్టి తేకపోతే మాత్రం నాగా రాస్త" అన్నాడు. ఫికర్ సగం తీరింది. చిట్టి సంగతి మ్యాచ్ అయ్యాక చూసుకోవచ్చు.

వెనక్కి తిరిగేసరికి దీపాల గది కిటికీలోంచి జహంగీర్ చెయ్యి చాపాడు. జహంగీర్ రాయమల్లు పక్కింటివాడు, టీవీ ఉన్నది వాళ్ళింట్లోనే. బాయిలోకి దిగే ప్రతివాడికీ టోపీకి తగిలించుకునే దీపం ఆయనే ఇవ్వాలి. అది లేనిదే ఎవరూ దిగరు.

"తీస్కో రాయమల్లు, నీ దీపం."

రాయమల్లు తల అడ్డంగా ఊపాడు. ఓవర్‌మెన్ ఇంకా వెనకే ఉన్నాడు, అసలు సంగతి చెప్పడానికి లేదు. పెదాల మీద వేలు పెట్టి, ఒక కన్ను కొట్టి, జల్దిజల్దిగా గేటు దాటిపోయాడు.

జహంగీర్ దాన్ని సమ్మె సైగ అనుకున్నాడు. ఆ రోజుల్లో బొగ్గు బాయిల మీద సమ్మెకు నోటీసంటూ ఏమీ ఉండేది కాదు. ఎవడో ఒకడు దీపం వద్దంటాడు, వెనకవాడు చూస్తాడు, అంతే. కిందటి సమ్మెనాడు ఆ సంగతి ఆలస్యంగా తెలుసుకుని, దీపాలు ఇస్తూ కూర్చున్నందుకు ఆయన కిటికీ అద్దం మీద రాయి పడింది. అద్దానికి పడ్డ దెబ్బ కంటే "నీకు తెల్వదా?" అని అందరూ అడగడం ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. ఈసారి ముందే తెలిసినందుకు అల్లాకు దండం పెట్టుకుని, ధడాలున కిటికీ మూసేశాడు.

"అరె జహంగీర్ భాయ్, దీపాలియ్యవా?" అని వరసలో ఉన్నవాళ్ళు అరిచారు.

"ఖిడికీ బంద్! ఇజ్జత్‌తోని ఇండ్లకు పోండ్రి!" అని లోపలి నుంచి జవాబు వచ్చింది.

అలా షిఫ్టు షిఫ్టంతా సద్ది విప్పకుండానే గేటు బయటికి వచ్చింది. ప్రమాదం జరిగితే సైరన్ కూసేది. కూయలేదు. కాబట్టి సమ్మె. ఎవరికీ రెండో ఆలోచన రాలేదు.

రాయమల్లు సదయ్య హోటల్ చేరేసరికి సదయ్య బల్లలు లోపల వేసుకుంటున్నాడు.

"ఏంది సదయ్యా, గిప్పుడే మూసుకుంటున్నవ్?"

"నిండు సద్ది పట్టుకొని నువ్వే ముంగటొస్తివి. ఎనుక చూడు, అందరొస్తున్నరు. సమ్మె గాదానే?"

రాయమల్లు తిరిగి చూశాడు. రోడ్డు నిండా టోపీలు, టిఫిన్లు. ఆయన మొహం వెలిగిపోయింది. సమ్మె అయితే నాగా లేదు, చిట్టి లేదు, కడుపునొప్పి కూడా లేదు. కూతురి ఆట కోసం దేవుడే సమ్మె పంపించాడనుకున్నాడు. తనే పంపించిన సంగతి ఆయనకు తట్టలేదు.

"సమ్మె ఎందుకే రాయమల్లన్నా?" అని వెనకనుంచి వచ్చినవాళ్ళు చుట్టూ మూగారు. పేపరు చదివే మనిషి కదా, ఆయనకు తెలిసి ఉంటుందని వాళ్ళ నమ్మకం. తెలియదనడం రాయమల్లుకు అలవాటు లేదు.

"ఎందుకేంది? ఢిల్లీల నడిచే కథ చూస్తలేరా? కొత్త ఆర్థిక విధానం! బాయిలన్ని అమ్ముతరు. రష్యాల గిట్లనే మొదలైంది" అని నడుస్తూనే చెప్పాడు. వాళ్ళూ వింటూ వెంట నడిచారు. వాళ్ళను చూసి మరికొందరు నడిచారు. మార్కెట్‌లో షట్టర్లు దడదడా కిందికి దిగాయి. బస్సు డ్రైవర్ బస్సును నడిరోడ్డు మీద వదిలి, ఛాయ్ కోసం దిగి, ఛాయ్ ఎక్కడా దొరక్క తనూ ఊరేగింపులో కలిశాడు.

ఇంతలో లూనా మీద కొత్త యూనియన్ నాయకుడు గట్టయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు. తనకు తెలియకుండా సమ్మె జరగడం కంటే నాయకుడికి వేరే చావు లేదు.

"రాయమల్లన్నా, సమ్మె ఎవలదే? మనదా, పాతోళ్లదా?"

"ఎవలదైతే ఏందే?"

"అయితే మనదే! మీటింగ్ ఏడ?"

"నేనైతే గ్రౌండుకు పోతున్న."

"ఇన్నరా! మీటింగ్ గ్రౌండ్ల!" అని గట్టయ్య లూనా మీదే లేచి నిలబడ్డాడు. పావుగంటలో రిక్షాకు కట్టిన మైకు అదే మాట ఊరంతా చాటింది. దాని వెనకే పాత యూనియన్ రిక్షా వచ్చి, ఈ సమ్మె పిలుపు తమదేననీ, మోసపోవద్దనీ చాటింది.

గ్రౌండులో ఆట మొదలు కాబోతోంది. అమ్మాయిలు వరసగా, ఒకరు ఇటు ఒకరు అటు మొహం పెట్టి కూర్చున్నారు. సున్నం గీత దగ్గర టోపీతో, టిఫిన్‌తో నిలబడ్డ తండ్రిని చూసి స్వరూప నోరంతా తెరిచి నవ్వింది. ఆ నవ్వు చూసి రాయమల్లుకు కళ్ళు చెమర్చాయి. ఇంతకాలం ఏం వార్తలు విన్నానురా అనుకున్నాడు. డ్రిల్లు సారు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడు ఊరంతా గ్రౌండులోకి వచ్చింది.

ఖోఖో స్తంభాలకు ఒకదానికి ఒక యూనియన్ జెండా, రెండోదానికి రెండో యూనియన్ జెండా కట్టారు. అమ్మాయిలు పరుగెత్తి ప్రహరీ ఎక్కి కూర్చున్నారు. "కార్మికుల డిమాండ్లు నెరవేర్చాలె!" అని గట్టయ్య మైకులో గర్జించాడు. జీపులో వచ్చిన మేనేజరు, పక్కన పోలీసు ఇన్‌స్పెక్టర్‌తో, దిగీ దిగకముందే అడిగాడు, "నెరవేరుస్తమయ్యా. ఏం డిమాండ్లు?"

"మొదలు నెరవేరుస్తమని రాసియ్యండ్రి, తర్వాత చెప్తం!"

పాత యూనియన్ వాళ్ళు అంతకంటే గట్టిగా, "వాళ్లు చెప్పేటియి గాదు, మేం చెప్పేటియి నెరవేర్చాలె!" అన్నారు. మేనేజరు తల పట్టుకుని, అసలు ముందు పని ఆపిందెవరని అడిగాడు. అందరూ జహంగీర్‌ను చూశారు. జహంగీర్ వెంటనే వేలు చూపించాడు.

"రాయమల్లు, సాబ్! దీపమొద్దని కన్ను గొట్టిండు!"

మైకు తెచ్చి రాయమల్లు మూతి ముందు పెట్టారు. ఆయనకు అప్పుడు, ఒక్కసారిగా, అంతా అర్థమైంది. ప్రహరీ మీద స్వరూప కాళ్ళు ఊపడం మానేసింది.

"నేను... నేనేం సమ్మె చెయ్యలే సారూ. మా బిడ్డ ఆట చూస్తందుకు వచ్చిన. ఎన్నడు చూడలే" అన్నాడు. మైకులో ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

ఇంతమంది ఊరికే ఇంటికి పోతే తన నాయకత్వం ఏం కావాలని గట్టయ్య ఆలోచించాడు. మైకు లాక్కున్నాడు.

"అదే మా డిమాండ్! పిల్లల ఆట చూస్తందుకు కార్మికునికి జీతంతోని సెలవు!"

గ్రౌండు దద్దరిల్లిపోయేలా జనం జై కొట్టారు. పాత యూనియన్ వాళ్ళు ఇది తాము ఎప్పటినుంచో అడుగుతున్నదే అన్నారు. మేనేజరు మొహంలోకి ప్రాణం వచ్చింది. ఇంత చవకగా తేలిన సమ్మెను ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఒప్పుకుంటున్న. కానీ ఇయ్యాల పోయిన బొగ్గు ఆదివారం తీసియ్యాలె. అందరికీ ప్లేడే ఇస్తం. ఒక్క నాగా ఉండొద్దు."

బాయిల మీద ఆదివారం చేసే డ్యూటీని ప్లేడే అంటారు. ఆటకూ దానికీ ఏ సంబంధమూ లేదు గానీ కూలి ఎక్కువ వస్తుంది. జనం ఈలలు వేశారు. ఒప్పందం జీపు బానెట్ మీదే రాశారు. ఉద్యమం మొదలుపెట్టిన వీరుడని మెడలో దండ వేసి, మొదటి సంతకం రాయమల్లు చేతే పెట్టించారు. ఆయన దండ సర్దుకుంటూ డ్రిల్లు సారు దగ్గరికి ఉరికాడు.

"సారూ, ఇగ మొదలువెట్టుండ్రి ఆట!"

"ఇయ్యాల ఆడద్దన్నడు ఇన్‌స్పెక్టర్ సాబ్. జనం జమ కావద్దట" అన్నాడు డ్రిల్లు సారు, జెండాలు ఊడదీస్తూ. "ఆదివారానికి ఏసినం."

రాయమల్లు జీపు వెనక పరుగెత్తాడు. "సారూ, సారూ! ఆదివారం నాకు సెలవు! ఒప్పందమైంది గద!"

మేనేజరు కాయితం తీసి చూపించాడు. "ఆదివారం ఒక్క నాగా ఉండొద్దని గూడ దీంట్లనే ఉన్నది. కింద మొదటి సంతకం ఎవరిది?"

ఆదివారం రాయమల్లు దీపం తీసుకుని బాయిలోకి దిగాడు. ఆ రోజు జహంగీర్ ఆయన మొహం వంక చూడకుండానే దీపం ఇచ్చాడు. పని చేసినంతసేపూ రాయమల్లు రష్యా గురించి గానీ ఢిల్లీ గురించి గానీ ఒక్క మాట మాట్లాడలేదు. పక్కవాళ్ళు ఆయనకు నిజంగానే కడుపునొప్పి వచ్చిందనుకున్నారు. షిఫ్టు దిగీ దిగగానే, స్నానం కూడా చేయకుండా బొగ్గు మొహంతోనే ఇంటికి ఉరికాడు. స్వరూప గడప మీద కూర్చుని మోకాలికి పసుపు పెట్టుకుంటోంది.

"ఏమైంది బిడ్డా? గెలిచిన్రా?"

స్వరూప తలెత్తకుండానే చెప్పింది, "రేపు పేపర్ల వస్తది బాపు, చదువుకో."