నంబర్లు పడ్డ సాంచాలు

ఆ శుక్రవారం జమున లేవడమే చిరాగ్గా లేచింది. సాయంత్రం కూతురు నేహ పన్నెండో పుట్టినరోజు. పోయినేడు పిలిస్తే క్లాసు పిల్లలు ఇద్దరే వచ్చారు. మిగతా వాళ్లంతా అదే రోజు మాల్‌లో ఇంకెవరిదో పార్టీకి పోయారు. నేహ ఆ పూట అన్నం ముట్టలేదు. ఈసారి ఎనిమిది మంది వస్తామన్నారు. వాళ్లు మూతి తిప్పుకుని పోకూడదని జమున పంతం.

హాలు తీసుకునే స్తోమత లేదు. ఉన్నదల్లా భివండీలో, కామత్‌ఘర్ గల్లీలో ఎనిమిది సాంచాల, అంటే మరమగ్గాల కార్ఖానా. శుక్రవారం సాంచాలకు సెలవు కాబట్టి అక్కడే పిల్లలతో ట్రెజర్ హంట్ ఆడిద్దామంది.

"కార్ఖానల వద్దు," అన్నాడు భర్త కనుకయ్య.

"ఎందుకు వద్దు?"

"వద్దంటె వద్దు. ఇంట్ల చెయ్యి."

"ఇంట్ల తొమ్మిది మంది పిల్లలు ఏడ నిలవడుతరు, గ్యాస్ బండ మీదనా?"

కనుకయ్య చెప్పులేసుకుని, టెంఘర్‌లో పనుందని జారుకున్నాడు. కారణం చెప్పని మొగుడి మీద వచ్చే కోపం అంత తొందరగా చల్లారేది కాదు. ఆ కోపంతోనే జమున రెండు గంటల్లో పని కానిచ్చింది. చింది గుడ్డ పేలికలతో తోరణాలు కట్టింది. ఖాళీ కండెలకు రంగులేసి కిరీటాలు గుచ్చింది. ఒక్కో సాంచా కింద ఒక చీటీ దాచి, పిల్లలకు తెలియాలని ఒకటి నుంచి ఎనిమిది దాకా సుద్దతో పెద్ద పెద్ద నంబర్లు వేసింది.

అదే కొంప ముంచింది. భివండీలో సాంచాకు సుద్దతో నంబరు పడిందంటే అది తుక్కుకు పోతున్నట్టే. ఏది ముందు విప్పాలో గుర్తుకు తుక్కు కొనే భంగారువాడు వేసే నంబరది. జమునకు తెలియక కాదు, పళ్లు కొరుకుతూ వేసేటప్పుడు గుర్తుకు రాలేదు.

కండెలు చుట్టే శాంతాబాయి, నిన్న మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం వచ్చింది. నంబర్లు చూసింది, జమున ముఖం చూసింది.

"వహినీ, సేఠ్ ఒప్పుకున్నడా?"

"ఆయన ఒప్పుకునుడేంది? నేను అనుకున్న, ఐతది."

శాంతాబాయి డబ్బా కూడా తీసుకోకుండా పనివాళ్ల ఇళ్ల వైపు పరుగు తీసింది.

నాలుగింటికి పిల్లలొచ్చారు. కిరీటాలు పెట్టుకుని రెండో చీటీ దాకా వచ్చేసరికి, గేటు తోసుకుని మగ్గాల మీద పనిచేసే పదకొండు మంది లోపలికొచ్చారు. ముందు హనుమాండ్లు, అందరిలోకి పాతవాడు. కేకు కోయించడానికి కత్తి పట్టుకుని నిలబడ్డ జమునకు ఒళ్లు మండింది. అరకిలో కేకుకు ఇంతమందా?

"ఒక్క మాట చెప్పాలె గద చెల్లె," అన్నాడు హనుమాండ్లు.

"చిన్నపిల్లల కార్యం, గల్లీ అంత చాటింపెయ్యాల్నా?"

"ఇరవై ఏండ్ల సంది ఈడ్నే పని చేస్తున్న. గింత సప్పుడు గాకుంట తీసేస్తవా? ఎప్పుడు విప్పుతున్రు ఇవన్ని?"

జమున తోరణాల వైపు చూసింది. "సాయంత్రమే. పొద్దుగాల మీరొచ్చే వరకు ఒక్కటి కానరాదు. సాలా?"

పదకొండు గొంతులూ ఒక్కసారి లేచాయి. కొత్తగా వేసుకున్న గౌను అంచు నలుపుతూ నేహ బిక్కముఖం వేసింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. అది చూసి జమున నేహను దగ్గరికి లాక్కుంది.

"నా బిడ్డ పుట్టిన్రోజు పాడు చేస్తానికి మీకెవరు చెప్పిన్రు? ఆటకు ఏసిన నంబర్లవి, కండ్లు కానస్తలేవా?"

గోల ఆగింది. హనుమాండ్లు ఐదో నంబరు సాంచా కింద చెయ్యి పెట్టి చీటీ తీసి చదివాడు. "బహుమతి ఎనిమిదో నంబరు కింద ఉంది." ఎనిమిది మంది పిల్లలూ ఆయన్నే చూస్తున్నారు. నమ్రత అనే పిల్ల చప్పట్లు కొట్టింది.

"నేహా, తేరీ పార్టీ మే తో నాటక్ భీ హై. మాల్ మే ఐసా కుచ్ నహీ థా."

మాల్ పార్టీలో ఇలాంటి నాటకం లేదనేసరికి నేహ ముఖం వెలిగింది. హనుమాండ్లు సిగ్గుపడి చీటీ తిరిగి సాంచా కింద పెట్టాడు. జమున అందరికీ అటుకుల చుడువా పంచింది, గొణుగుతూనే.

అప్పుడు గేటు ముందు టెంపో ఆగింది. దిగినవాడు భంగారువాడు. వెనకే కనుకయ్య, వద్దు వద్దని వాడి చొక్కా పట్టుకుని లాగుతూ. భంగారువాడు వరసగా నంబర్లు చూసి సంతోషించాడు.

"నాలుగే అంటివి గద సేఠ్. ఎనిమిదింటికీ ఏసినవా? నాకు పని తప్పింది."

చుడువా నములుతున్న నోళ్లన్నీ ఆగాయి. కార్ఖానాలో ఎందుకు వద్దన్నాడో జమునకు అప్పుడు అర్థమైంది. మెల్లగా నడిచి వచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"పప్పా," అంది నేహ, కండెల కిరీటం సర్దుకుంటూ. "అందరికి బహుత్ మజా ఆయా. నెక్స్ట్ ఇయర్ భీ ఈడ్నే చేద్దమా? ఎనిమిది సాంచలు ఉంటెనే ఆట ఐతది."

కనుకయ్య టెంపోను చూశాడు, పదకొండు మందిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు.

"ఈడ్నే చేద్దం బిడ్డా," అన్నాడు.

కేకు ఇంకా కోయలేదు, కత్తి జమున చేతిలోనే ఉంది.