చప్పుడు వైద్యం

ఒక పెద్ద అడవిలో, పాములకు తప్ప ముసలివాళ్లందరికీ మోకాళ్ల నొప్పులే.

అక్కడ శస్త్రవైద్యులు ఇద్దరు. వడ్రంగిపిట్ట మోకాలికి చిన్న చిల్లు పెట్టి, లోపల నీళ్లతో కడిగి, సాయంత్రానికి ఇంటికి పంపేసేది. ఎండ్రకాయ మాత్రం అరిగిన ఎముక కొసలు కోసేసి, నున్నటి ఏటిరాయి బిగించేది. ఆ తర్వాత మూడు నెలలు పడకే.

గున్నమ్మ అనే ముసలి ఏనుగుకు ఎటూ తోచలేదు. ఎండలు ముదిరేలోగా మందను కొండ అవతలి మడుగుకు చేర్చాలి. దారి తెలిసింది ఆమెకొక్కదానికే.

"ఏది మంచిదో మీరే తేల్చండయ్యా," అని పంచాయతీ పెద్ద ఎలుగుబంటిని అడిగింది. ఎలుగుబంటి వెంటనే కమిటీ వేసింది.

పిట్ట గిరాకీ చూసి కుళ్లుకుంటున్న ఎండ్రకాయ ఓ ఎత్తు వేసింది. "అధ్యక్షా, ఒప్పుకున్న ఇరవైమందికి కళ్లకు గంతలు కడదాం. పిట్ట పదిమందికి నిజంగా కడగాలి. మిగతా పదిమందికి మాత్రం పిట్ట పక్కనున్న చెట్టును పొడిచి, చప్పుడు చేస్తే చాలు. ఎవరికి ఏది జరిగిందో వాళ్లకు చెప్పొద్దు."

"కానివ్వండి! నా ముక్కు సంగతి అడవంతా తెలుసు," అంది పిట్ట.

నెల తిరిగింది. కడిగించుకున్న దుప్పి "హాయిగా ఉందండీ" అంది. చప్పుడు మాత్రమే విన్న కోతిదీ అదే మాట. ఇరవైమందీ ఒకటే పాట.

"చూశారా! కడిగినా ఒకటే, కడక్కపోయినా ఒకటే. అంతా బూటకం!" అని ఎండ్రకాయ గెంతింది.

కోతి తల గోక్కుంది. "అంటే వట్టి చప్పుడుకే నొప్పి తగ్గుతుందన్నమాట! మరి కోయించుకోవడం దేనికి?"

మర్నాటి నుంచి పిట్ట చెట్టు కింద బారులు. పిట్ట కడగడం కూడా మానేసి, 'చప్పుడు వైద్యం: కోత లేదు, కుట్టు లేదు' అని బోర్డు కట్టింది. ఎండ్రకాయ గుమ్మం బోసిపోయింది.

గున్నమ్మ కూడా మూడు రోజులు ఆ చప్పుడు వింది. నాలుగోనాడు లేవబోతే ప్రాణం పోయినంత పనైంది. "నీ చప్పుడు కంటే నా మోకాలి చప్పుడే పెద్దది నాయనా," అని పిట్టకు చెప్పి, ఎండ్రకాయను వెతుక్కుంటూ వెళ్లింది. పుష్యంలో కోయించుకుంది. ఏడ్చింది, తిట్టింది, రోజుకో అడుగు చొప్పున నడక నేర్చుకుంది. చైత్రంలో మందను కొండ దాటించింది.

"అమ్మా, కోతతోనే నయమైందన్న మాట ఒక్కసారి పంచాయతీలో చెప్పండి," అని ఎండ్రకాయ బతిమాలింది. గున్నమ్మ వచ్చి చెప్పింది, నడిచి కూడా చూపించింది.

"అయ్యో పాపం, నీకు కోయాల్సొచ్చిందా! మాకు చప్పుడుకే తగ్గిపోయింది," అంటూ అందరూ కుంటుకుంటూ పిట్ట చెట్టు వైపు బయల్దేరారు. కమిటీ నివేదిక చంకలో పెట్టుకుని, ఎలుగుబంటి కూడా బారులో నిలబడింది.

నీతి: బూటకాన్ని రుజువులతో బయటపెట్టకండి, దానికి గిరాకీ పెరుగుతుంది.