వంకర గరిటెలో మర్యాదస్థుడు

మర్యాద అనేది నాగరికతకు పట్టిన చెద!

ఈ మాట నాది కాదు. కొలోన్ మద్యశాలల మొరటుతన పరిరక్షణ సంఘం వ్యవస్థాపక అధ్యక్షులు డాక్టర్ బాల్డూయిన్ క్యూపర్ గారు సెలవిచ్చినది. ఆయన ఉద్యోగకాలమంతా నగరపాలక సంస్థలో చెట్లకు నంబర్లు వేసి రిటైరైన మనిషి. చెట్లు ఎదురు చెప్పవు కనుక ఉపన్యాసకళ ఆయనకు చక్కగా అబ్బింది.

మా సంఘానికి ఆఫీసంటూ లేదు. 'వంకర గరిటె' మద్యశాలలో గడియారం కింద ఒక గుండ్రటి బల్ల ఉంది. అదే ఆఫీసు. అధ్యక్షులు క్యూపర్ గారు, కార్యదర్శి మాంసం కొట్టు ఎస్సర్, కోశాధికారిని కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునే నేను. మిగిలిన సభ్యులు ఇంకా చేరలేదు.

మా ఊళ్ళో, అంటే జర్మనీలోని ఈ కొలోన్‌లో, బీరు తెచ్చిపెట్టే మనిషిని కోబెస్ అంటాం. నడుముకి నీలిరంగు గుడ్డ కట్టుకుని తిరుగుతుంటాడు. గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే ఇంకోటి పెట్టేస్తాడు. చాలనుకున్నవాడు గ్లాసు మీద అట్టముక్క మూత పెట్టుకోవాలి. నోటితో 'చాలు' అన్నాడంటే వాడు పొరుగూరివాడే! అన్నిటికంటే ముఖ్యం, కోబెస్‌కి మన్నన అంటే ఏమిటో తెలియకూడదు. మేయరైనా బిషప్పైనా అతనికి 'నువ్వే'. మంచినీళ్ళడిగితే "సబ్బూ తువ్వాలూ కూడా తేనా?" అంటాడు. ఈ మాట మా తాతలు విన్నారు, తండ్రులు విన్నారు. మేం కూడా వారానికోసారైనా వినకపోతే ఒంట్లో నలతగా ఉంటుంది.

అటువంటి వంకర గరిటెలో పాత కోబెస్ హెర్మన్ మోకాళ్ళు అరిగిపోయి పని మానేశాడు. పోతూ పోతూ మమ్మల్ని పేరుపేరునా తిట్టి మరీ వెళ్ళాడు. ఎస్సర్ కళ్ళు తుడుచుకున్నాడు. అతని స్థానంలో యజమానురాలు బిల్లా ప్యూట్జ్ ఒక కొత్త మనిషిని తెచ్చింది. పేరు లుట్జ్. మొదటి సాయంత్రమే మా బల్ల దగ్గరకొచ్చి, నడుం కాస్త వంచి,

"నమస్కారమండీ. తమరికి ఏం తెమ్మంటారు?" అన్నాడు.

ఎస్సర్ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరితో అంటున్నాడో అని. వెనక గోడ ఉంది.

"నన్నేనా?" అన్నాడు.

"తమర్నేనండీ."

"నేనేం తప్పు చేశానయ్యా నీకు?" అన్నాడు ఎస్సర్ దీనంగా. రోజూ నాలుగు పందుల్ని కోసే మనిషి!

లుట్జ్ గ్లాసులు తెచ్చాడు. క్యూపర్ గారి ముందు పెడుతూ, "తమరికి ఎప్పటిలాగే పక్కన ఉప్పు బాదంపప్పు పెట్టమంటారా అండీ?" అన్నాడు.

"ఎప్పటిలాగా? నీ మొహం చూడటం నాకిదే మొదలు!" అని గర్జించారు క్యూపర్ గారు.

లుట్జ్ నాలిక కరుచుకున్నాడు. "పొరపాటైందండీ" అన్నాడు. మర్యాద ముదిరితే మతి కూడా చెడుతుంది కాబోలని మేం జాలిపడ్డాం. నిజానికి క్యూపర్ గారు చెప్పింది అబద్ధమూ కాదు. గ్లాసు తెచ్చే చేతిని తప్ప ఆ చేతి పైనున్న ముఖాన్ని చూసే అలవాటు పెద్దమనుషులకు ఉండదు.

వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. తీర్మానం క్యూపర్ గారే చదివారు. "పైన ఉదహరించిన కోబెస్ నవంబరు పదకొండు మధ్యాహ్నంలోగా తగినంత మొరటుతనం అలవరచుకొని, సంఘం సమక్షమున నిరూపించుకొనవలెను. కానిచో సంఘం తన బల్లను ఎదురు వీధి మద్యశాలకు తరలించుకొనును!"

బిల్లా చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఆ గుండ్రటి బల్ల ఎటు పోతే పాతకాపులంతా అటే పోతారు.

"డాక్టరుగారూ, మనిషి మంచోడండీ. పెళ్ళాం నెలలు నిండి ఉంది. ఈమధ్యే మన నిప్పెస్ పేటలో ఇల్లు తీసుకున్నారు. ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోతాడు?" అని బతిమాలింది.

"మంచితనం వేరు, అర్హత వేరు బిల్లా! మొరటుతనం కూడా పోయాక మనకూ ఆ డ్యూసెల్‌డార్ఫ్ వాళ్ళకూ ఇక తేడా ఏముంటుంది?"

డ్యూసెల్‌డార్ఫ్ మా రైన్ నదికి దిగువన ఉన్న ఊరు. అంటే మేం వదిలిన నీళ్ళే వాళ్ళకు దిక్కు. మేం తాగేది బంగారు రంగు కోల్ష్. వాళ్ళు తాగేది ఆల్ట్ అనే నల్ల బీరు. ఆ ఊరి పేరు వినబడితే చాలు, క్యూపర్ గారు కిటికీ తీయించి గాలి మార్పిస్తారు. "ఆ నల్లనీళ్ళు మన ఊరి గుర్రాలు కూడా ముట్టవు!" అని బల్ల గుద్ది చెబుతారు. గురువారాల్లో మాత్రం చెప్పరు. ఆ రోజు నడుంనొప్పికి వైద్యం చేయించుకోవడానికి వెళతారు పాపం.

సరే, లుట్జ్‌కి తిట్లు నేర్పే భారం నా మీద పడింది. కోశాధికారికి వేరే పనేముంది? రోజూ సాయంత్రం నా దుకాణంలో పాఠం.

"నన్ను తిట్టు."

"ఎందుకండీ? తమరు నన్నేమీ అనలేదు కదా!"

"అనకపోయినా తిట్టాలి. ఇదిగో, నా ముక్కు చూడు. ఎలా ఉంది?"

లుట్జ్ చాలాసేపు చూశాడు. "కొంచెం విశాలంగా ఉందండీ. కళ్ళజోడు నిలవడానికి మాత్రం ఎంతో అనువైన ముక్కండీ."

"అయ్యో దేవుడా! ముందు 'నువ్వు' అనడం నేర్చుకో. అను చూద్దాం."

"తమరు ముందు అనండి, తరవాత నేనంటాను."

ఎన్నో సాయంత్రాలు పోయాయి. ఒకరోజు కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి, "నువ్వొట్టి దద్దమ్మవి!" అనేశాడు. నేను చప్పట్లు కొట్టబోయేంతలో మనిషి పాలిపోయి, నా దుకాణంలోనే వెనక గదిలోకి పరిగెత్తి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "మనసుకి తీసుకోకండి" అని నా భుజం కూడా నిమిరాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఎక్కడయ్యా నువ్వు పని నేర్చుకుంది?" అన్నాను.

"హోటల్లోనండీ. ఇక్కడికి దిగువన..." అని ఆగిపోయాడు. నాకు వినబడలేదని తీర్మానించుకున్నాను. వినబడితే సంఘానికి చెప్పాల్సి వస్తుంది. మనిషి ఉద్యోగం ఊడుతుంది. నాకు అతనంటే ఇష్టం ఏర్పడిపోయింది మరి.

"చూడు లుట్జ్, తిట్లు కల్పించడం నీవల్ల కాదు. కల్పించకు. కళ్ళతో చూసింది, నీకు తెలిసింది, ఉన్నదున్నట్టు అనెయ్. చివర 'అండీ' మాత్రం కోసెయ్. అంతే!"

"చూసిందంతా చెప్పేయొచ్చాండీ?" అన్నాడు అనుమానంగా. "కస్టమరు ఎక్కడ ఏం తాగాడో, ఎవరితో తాగాడో బయట చెప్పకూడదని మా పనిలో మొదటి పాఠమండీ. మర్యాదంటే ముందు అదేనని నేర్పారు."

"ఆ మర్యాదే మన కొంప ముంచుతోంది! దాన్ని తీసుకెళ్ళి రైన్‌లో కలిపేసెయ్!"

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కాకపోతే గోక్కున్న తల నాది కాదు.

నవంబరు పదకొండు రానే వచ్చింది. మా ఊళ్ళో కార్నివాల్ కాలం మొదలయ్యే రోజు. మిట్టమధ్యాహ్నానికే వేషాలేసుకున్న జనంతో వంకర గరిటె కిక్కిరిసిపోయింది. ఎస్సర్ పంది వేషం వేశాడు, తన వృత్తి పట్ల కృతజ్ఞతగా. నేను క్యారెట్టు వేశాను. క్యూపర్ గారు నౌకాదళాధిపతి! ఛాతీనిండా పతకాలు, టోపీ మీద నెమలీక. పాటలు ఆపించి, గరిటెతో బల్ల మీద మూడుసార్లు కొట్టారు.

"అభ్యర్థి ముందుకు రావాలి!"

లుట్జ్ గ్లాసుల పళ్ళెంతో వచ్చి నిలబడ్డాడు.

"మొదటి ప్రశ్న. నాకు మంచినీళ్ళు కావాలి!"

"అలాగేనండీ, ఇప్పుడే..."

హాలంతా "అయ్యో" అని మూలిగింది. బిల్లా తన నడుముకున్న గుడ్డ కొంగులాగా ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. క్యూపర్ గారు పరమానందంగా లేచారు. "సంఘం తీర్పు ఏమనగా..."

లుట్జ్ నా వంక చూశాడు. నేను క్యారెట్టు ఆకులు ఊపాను. "చూసింది చెప్పెయ్!" అని అరిచాను.

లుట్జ్ పళ్ళెం కింద పెట్టాడు. నిటారుగా నిలబడ్డాడు.

"నీకు మంచినీళ్ళెందుకు బాల్డూయిన్? గురువారం గురువారం డ్యూసెల్‌డార్ఫ్‌లో నది ఒడ్డు హోటల్లో, మొక్క చాటున కూచుని నల్ల బీరు లాగిస్తావే, అప్పుడెప్పుడూ మంచినీళ్ళు అడగలేదేం? రెండేళ్ళు నీకు మోసిపెట్టింది నేనే! పక్కన ఉప్పు బాదంపప్పు లేకపోతే పసిపిల్లాడిలా మూతి ముడుస్తావు. బీరంటే ఇదీ, మా ఊళ్ళో దొరికేది కుళాయినీళ్ళు అంటావు. అక్కడ నా మొహం చూడకపోయినా నోరారా 'దయచేసి' అంటావు, 'ధన్యవాదాలు' అంటావు. మర్యాద నేను ఇంకెక్కడా నేర్చుకోలేదు. నిన్ను చూసే నేర్చుకున్నాను!"

క్యూపర్ గారు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు. నెమలీక ఒక్కటే ఊగుతోంది.

"అది... అది పరిశోధన!" అన్నారు చివరికి. "శత్రువు బలహీనతలు తెలుసుకోవద్దూ?"

"రెండేళ్ళుగానా?" అన్నాడు పంది వేషంలోని ఎస్సర్. "ఇంకా తేలలేదా అధ్యక్షా?"

అంతే, హాలంతా పగలబడి నవ్వింది. బల్లలు వాయించేవాళ్ళు, కుర్చీలెక్కేవాళ్ళు! బిల్లా లుట్జ్‌ని రెండు బుగ్గలమీదా ముద్దెట్టుకుంది. ఇంత గొప్ప మొరటుతనం హెర్మన్ కాలంలో కూడా చూడలేదని ముసలివాళ్ళు సాక్ష్యం చెప్పారు. లుట్జ్ మాత్రం తను చేసిన పనికి తనే బెదిరిపోయి, ఎదురుపడ్డవాళ్ళకల్లా "పొరపాటైందండీ" అని చెప్పుకుంటున్నాడు. నేను వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాను.

"తీర్పు! తీర్పు!" అని అరిచారు జనం.

క్యూపర్ గారు గొంతు సవరించుకున్నారు. "అభ్యర్థి ఉత్తీర్ణుడైనట్లు ప్రకటించడమైనది. అయితే ఇకమీదట సంఘ సభ్యుల యెడల, వారి వయస్సును దృష్టిలో పెట్టుకొని, కొంత మర్యాద పాటించుటకు అనుమతించడమైనది."

"అనుమతా?" అన్నాడు ఎస్సర్. "నాకొద్దు! నన్ను తిట్టనీ!"

క్యూపర్ గారు కూలబడి, టోపీ తీసి, చెమట తుడుచుకున్నారు. తరవాత మా బల్ల చరిత్రలో ఎవ్వరూ, ఎన్నడూ వినని మాటలు ఆయన నోట వెలువడ్డాయి.

"లుట్జ్ గారూ... దయచేసి... నాకొక గ్లాసు తెచ్చిపెడతారా?"

లుట్జ్ నా చెయ్యి వదిలించుకున్నాడు. నీలి గుడ్డ సర్దుకుని, ఆయన మొహంలోకి సూటిగా చూశాడు.

"తెస్తాగానీ, ఏ ఊరిది తెమ్మంటావ్?"