బయటికి ఇవ్వబడని అత్తయ్య

మానవజాతి రాయాల్సిన సాఫ్ట్‌వేరంతా ఇప్పటికే రాసేసిందనీ, ఇక దాన్ని తిప్పి తిప్పి వాడుకోవడమే మిగిలిందనీ మా వారి కంపెనీ తీర్మానించింది. అమలు చూసుకోవడానికి పునర్వినియోగ ప్రధానాధికారిని నియమించింది. (ఆ పదవిని మాత్రం కొత్తగానే తయారుచేశారు.)

మా వారు అక్కడ సీనియర్ ఇంజినీరు. ఒకప్పుడు లైబ్రరీ కోసం, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడానికి ఆయన రాసిన కాంపొనెంట్ ఒకటుంది. దాన్నే రీఫాక్టరింగ్ చేసి కంటి ఆసుపత్రికి అమర్చారు. (రీఫాక్టరింగ్ అంటే అలమర దులిపి, డబ్బాల మీద చీటీలు మార్చి, లోపలి సరుకు కదపకుండా ఉంచడం.)

"పుస్తకమైతేనేం, పేషెంటైతేనేం? వస్తారు, ఉంటారు, వెళ్తారు. లాజిక్ ఒకటే," అన్నారు అన్నం కలుపుకుంటూ. నిన్నటి కూర మళ్ళీ వడ్డిస్తే మాత్రం ఈ సిద్ధాంతం ఆయనకి గుర్తురాదు.

ఆ ఆసుపత్రిలోనే అత్తయ్యకి శుక్లాల ఆపరేషన్ అయింది. మర్నాడు ఇంటికి తీసుకెళ్దామని ఇద్దరం వెళ్తే, కౌంటర్ అమ్మాయి స్క్రీన్ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈవిడగారిని పంపడానికి లేదండీ. 'పాతవి, అరుదైనవి బయటికి ఇవ్వబడవు' అని వస్తోంది. కావాలంటే ఇక్కడే కూర్చుని చూసుకోవచ్చట."

పుస్తకం అచ్చయిన సంవత్సరం ఉండాల్సిన గడిలో అత్తయ్య పుట్టిన సంవత్సరం పడిందన్నమాట.

"అరుదైనదాన్నట! విన్నావుటే?" అన్నారు అత్తయ్య, మేం వార్డుకెళ్ళి సంగతి చెప్పగానే, కంటికి పట్టీతోనే మంచం మీద నిటారుగా కూర్చుని. "ఇన్నేళ్ళకి ఒక్కళ్ళయినా గుర్తించారు."

సాయంత్రానికి ఆ సంబరం తీరిపోయింది. పక్క మంచం ఆవిడ గురక మొదలుపెట్టింది.

"ఒరేయ్, నన్ను ఇంటికి తీసుకెళ్తావా, అట్టేసి ఇక్కడే బీరువాలో పెట్టిస్తావా?"

"ఆ ఒక్క రూలూ తీసేయొచ్చుగా?" అన్నాను మా వారితో.

"అమ్మో! అదే కాంపొనెంట్ ఇప్పుడు స్కూల్లో, గోడౌన్లో, జైల్లో కూడా నడుస్తోంది. ఇక్కడ ముట్టుకుంటే అక్కడేం ఊడుతుందో!"

(జైలు మాట విన్నాక నేను మళ్ళీ అడగలేదు.)

ఇక దారి ఒకటే. లైబ్రరీ లెక్కలో, రద్దు చేసిన ప్రతిని ఎవరైనా పట్టుకెళ్ళొచ్చు. అందుకు 'శిథిలమైనది, ఇక వాడకానికి పనికిరాదు' అన్న గడి నొక్కి, ధ్రువీకరించినవారి పేరు కొట్టాలి. మా వారు అటూ ఇటూ చూశారు. తల్లి కంటికి పట్టీ ఉందని నిర్ధారించుకున్నారు. నొక్కారు, తన పేరు కొట్టారు.

నిమిషంలో గేటు తెరుచుకుంది. పాతవాళ్ళని పంపడానికి ఇకమీదట ఇదే పద్ధతని పునర్వినియోగ ప్రధానాధికారి అన్ని శాఖలకీ సర్క్యులర్ పంపారు.

పట్టీ విప్పిన రోజున అత్తయ్య సోఫాలో కాళ్ళు చాపుకుని, ఆసుపత్రి నుంచి ఫోన్‌కి వచ్చిన మెసేజ్ తెరిచారు. ఆపరేషన్ ఎంత దివ్యంగా జరిగిందంటే, కళ్ళజోడైనా లేకుండా మొత్తం గడగడా చదివేశారు, అట్టడుగున 'ధ్రువీకరించినవారు' అన్నచోట చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న కొడుకు పేరుతో సహా.